మంచు మీద యూరియా

దగ్గరికి జరగండి. ఆ పీట ఇటు లాక్కోండి, అంత దూరంలో కూర్చుంటే నా మాట సగం గోడే వింటుంది. మా చెల్లె పెండ్లి ఎట్లా కుదిరిందో చెబుతాను. నాకు చదువు అంతంతే గానీ, ఎవరు ఎప్పుడు ఏమన్నారో మాత్రం మరచిపోను. అందుకే మా ఇంట్లో నాతో ఎవరూ కొట్లాట పెట్టుకోరు.

మాది తొర్రూరు దగ్గరి పల్లె. నాట్లు పడి పొలాలు పచ్చబడుతున్న రోజులవి. ఆ రోజుల్లో మా వైపు మనిషి ఎదురైతే బాగున్నావా అని అడగరు, యూరియా దొరికిందా అని అడుగుతారు. మా బాపు తెల్లారకముందే పోయి వరుసలో నిలబడి, తోపులాటలో అంగీ గుండీలు తెంపుకొని ఒక్క బస్తా సంపాదించాడు. దాన్ని కొట్టంలో పెట్టి, చెమ్మ తగలకుండా పెట్టెలోంచి కొత్త దుప్పటి తీసి కప్పాడు. చుట్టాలు వస్తే మంచం మీద పరవాలని మా అమ్మ దాచుకున్న దుప్పటి అది.

ఆ చుట్టాలు ఆ రోజే వచ్చారు. కాటారం వైపు నుంచి చెల్లెను చూడటానికి పిల్లవాడూ, వాళ్ల అమ్మా, వాళ్లను వెంటబెట్టుకొని మా మేనమామ. పిల్లవాడు రైతుబిడ్డే. కాకపోతే ఎక్కడో ఉత్తరాన మంచుకొండల్లో, విమానాలు దిగే చోట పనికి కుదిరాడు. చెల్లె చాయ ఇచ్చి లోపలికి వచ్చి నా చెయ్యి గిల్లింది. నచ్చితే గిల్లుతానని ముందే చెప్పింది. గిల్లిన చోట కమిలిపోయింది, అంత నచ్చాడన్నమాట.

బయట బాపు మాట కలిపాడు. "అక్కడ ఏం పని చేస్తవు బిడ్డా?"

"విమానాలు దిగే రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండ చూస్తం మామా. గడ్డకడితే చక్రం జారుతది."

"ఎట్ల ఆపుతరు? మంచు మీ మాట ఇంటదా?"

"యూరియా చల్లుతం."

చాయ కప్పు బాపు నోటిదాకా వచ్చి ఆగింది. "ఏం చల్లుతరు?"

"యూరియానే మామా. ఉప్పు ఇంకా గట్టిగ పనిచేస్తది గని, ఇనుము తుప్పు పడుతది. విమానానికి మంచిది గాదు."

బాపు మా మేనమామ వైపు తిరిగాడు. "ఏం బావా, పిల్లగాన్ని తెచ్చినవా, కతలు చెప్పెటోన్ని తెచ్చినవా? సిమెంటు రోడ్డు మీద యూరియానట! ఏం పండిస్తరట, కంకరనా?"

"మా కొడుకు అబద్ధం ఆడడన్నా," అంది పిల్లవాడి తల్లి.

లోపల చెల్లె నా కొంగు పట్టుకుంది. "అక్కా, ఏదన్న చెయ్యే. బాపు ఎళ్లగొడుతడు."

కూల్‌డ్రింకులు చల్లబడాలని బస్టాండు దగ్గర కొన్న ఐసుగడ్డ బకెట్లో ఉంది. రోకలితో పగలగొట్టి రెండు పళ్లాల్లో పోసి అందరి నడుమ పెట్టాను. యూరియా కోసం కొట్టంలోకి పోతుంటే వెనక నుంచి బాపు అరిచాడు.

"ఎంత తీస్తున్నవు?"

"పిడికెడే బాపూ."

"నీ పిడికెడా? వద్దు. మీ అమ్మది చిన్న చెయ్యి, ఆమెను తియ్యమను!"

అమ్మ తీసి ఒక పళ్లెంలో చల్లింది. అందరం చుట్టూ గొంతుకూర్చున్నాం. ఉత్త పళ్లెంలో ముక్కలు ఒకదానికొకటి అతుక్కొని ముద్దయ్యాయి. యూరియా పళ్లెంలో ముక్కలకు చిల్లులు పడ్డాయి, నీళ్లు ఊరి ఒకదాని మీద ఒకటి నిలవకుండా జారసాగాయి.

"ముందుగాల చల్లితే మంచు రోడ్డును పట్టుకోదు మామా. నూకితే పోతది," అన్నాడు పిల్లవాడు.

బాపు వేలితో ఒక ముక్కను తోసి చూశాడు. ఆ పళ్లెంలోని నీళ్లను తీసుకుపోయి జాగ్రత్తగా బీరపాదు మొదట్లో పోసి వచ్చాడు.

"నిజమే చెప్పినవు. గందుకే నీకు పిల్లనియ్య."

"నిజం చెప్పినందుకా!" మేనమామ నోరు తెరిచాడు.

"అబద్ధాలాడెటోనికన్న ఇస్త బావా. సంసారంల అబద్ధమాడనోడు ఎవడున్నడు? యూరియాను బండల పాలు చేసెటోనికి ఎట్లియ్యాలె? రేపు నా బిడ్డ వండిన బువ్వ కూడ రోడ్డు మీద చల్లుతడు."

ఇక అయిపోయిందనుకున్నాను. చెల్లె ముఖం గోడకు తిప్పుకుంది. అప్పుడు పిల్లవాడు కప్పు కింద పెట్టి మెల్లగా అన్నాడు.

"మామా, మొదటి దినం నాకు చెయ్యి రాలె. బస్తా ముందట పెట్టుకొని నిలవడ్డ. మా పొలం యాదికొచ్చింది. తోటోళ్లు పారలతోని కుప్పలు పోస్తుంటె పానం ఒప్పలె. మడిల చల్లినట్టు చేత్తోని చల్లిన. అందరు నవ్విండ్రు. గని తక్కువ బస్తాలల్లనే పనైంది. ఇప్పుడు వాళ్లు గూడ గట్లనే చల్లుతున్నరు."

బాపు కళ్లు చిన్నవి చేశాడు. "చల్లుడు అందరికి రాదు. ఒకకాడ పచ్చగ, ఒకకాడ పసుపు, పులితోలు లెక్క చేస్తరు. నడువు, చూపియ్యి."

పెండ్లిచూపుల ప్యాంటు మోకాళ్లపైకి మడిచి పిల్లవాడు మడిలోకి దిగాడు. బాపు తన తువ్వాలనే అతని నడుముకు ఒడిగా కట్టి, దాని నిండా యూరియా పోశాడు. వాళ్ల అమ్మ సకినాల పళ్లెంతోనే గట్టు మీదికి వచ్చింది. చెల్లె రాకూడదు గానీ వచ్చింది.

అతను ముందు ఒక గడ్డిపోచ తెంపి గాలిలో వదిలాడు. బాపు మా మేనమామ డొక్కలో మోచేత్తో పొడిచాడు. "గాలి చూసిండు!" పిల్లవాడి చెయ్యి తిరిగింది. సన్న తుంపర పడినట్టు మడి నీళ్లు గలగలమన్నాయి. మూలన పైరు పలచగా ఉన్నచోట, ఎవరూ చెప్పకుండానే ఇంకాస్త విదిలించాడు.

బాపు గట్టు మీది నుంచి కేకేశాడు. "చాలు బిడ్డా! మిగిలింది ఉంచు. రెండో దఫా లగ్గమైనంక వచ్చి చల్లుదువు గాని."

"ముహూర్తం పిల్లకు చూస్తవా, యూరియాకు చూస్తవా?" అంది మా అమ్మ.

"రెండింటికి అదును ఒక్కటేనే," అన్నాడు బాపు.

నాటు ముదరకముందే లగ్గమైంది. విన్నారు కదా. మీ వాకిలి వచ్చిపోయే మనుషులతో సందడిగా ఉండాలి, మీ కుండలో బువ్వ అడుగంటకూడదు, మీ ఇంటి ఆడబిడ్డలు మనసుకు నచ్చినవాళ్లతో చల్లగా బతకాలి.