సార్ నేర్పిన పొడుగు మాట

మంగళవారం సాయంత్రం డ్యూటీ దిగి దవాఖానకు బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది. "ఇగ రాకు బిడ్డా. సార్ పోయిండు" అంది అమ్మ. మా ఇంగ్లిష్ సార్ భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. ఎయిర్‌పోర్టు బస్టాపుకు దవాఖాన బస్సు వస్తే ఎక్కకుండా వదిలేశాను.

తొండుపల్లిలో సార్ ట్యూషన్ ఒక రేకుల గది. పొడుగు మాట వస్తే బోర్డు మీద రాసేవారు కాదు, మమ్మల్ని నిలబెట్టేవారు. 'ఇండిపెండెంట్లీ' అంటే ఐదు ముక్కలు, ఐదుగురు ఆడపిల్లలు. ఇన్, డి, పెన్, డెంట్, లీ. ఒత్తు పడే, అంటే గట్టిగా పలకాల్సిన, మూడో పిల్ల ఇటుక ఎక్కాలి. నాది పెద్ద గొంతు కాబట్టి ఆ ఇటుక ఎప్పుడూ నాదే. మిగతా వాళ్లు కూడా అరిస్తే సార్ నవ్వేవారు.

"ఒత్తు ఒక్క దగ్గరనే ఉండాలె. అందరు ఒత్తితే కొట్లాట ఐతది."

ఇంకో మాట కూడా అనేవారు. "పెద్ద మాటను చూసి బెదరకు. ముందుది తీసెయ్, ఎనకది తీసెయ్, లోపల చిన్న మాట ఉంటది." ఇన్ పక్కకు జరిగేది, లీ జరిగేది, డెంట్ పిల్ల సగమే మిగిలేది. మేం పడీపడీ నవ్వేవాళ్లం. చివరికి 'డిపెండ్' మిగిలేది. ఆధారపడటం.

ఎయిర్‌పోర్టు కౌంటర్లో నాకు అన్నం పెడుతున్న గొంతు ఆయన దిద్దిందే. నెల కింద పక్షవాతం వచ్చి ఆయనకే మాట పడిపోయింది. రోజూ పలికిస్తే రావచ్చు అన్నాడు డాక్టర్. ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడాను. డ్యూటీ దిగగానే మంచం పక్కన కూర్చుని, ముక్కకో వేలు చొప్పున ఆయన చేతివేళ్లు నొక్కుతూ 'ఇండిపెండెంట్లీ' అని చెప్పేదాన్ని. గాలి తప్ప ఏదీ వచ్చేది కాదు. నాకు పిచ్చి పట్టినట్టుండేది.

సోమవారం సార్ నా చెయ్యి విదిలించారు. కళ్లలో నీళ్లు. అయినా నేను ఆపలేదు. "ఒక్కసారి సార్, పెన్ అనండ్రి, గంతే చాలు" అని బతిమాలాను. అరిచాను కూడా. అమ్మ వచ్చి నన్ను పక్కకు జరిపింది.

"ఆయనకు దూపైతుంది బిడ్డా. ఎప్పటిసంది బాటిల్ దిక్కే చూస్తున్నడు."

చెంచాతో నీళ్లు పోస్తే సార్ ఆత్రంగా మింగారు. నాలుగు చెంచాలు. ఇంతసేపూ నేను ఆయన నోటినే చూశాను గానీ ఆ కళ్లు ఎటు చూస్తున్నాయో చూడలేదు.

నిన్న బుధవారం సార్‌ను ఇంటి ముందు పడుకోబెట్టారు. ఒక్కొక్కరూ నోట్లో చెంచాడు నీళ్లు పోసి జరుగుతున్నారు. నా వంతు వచ్చింది. మూసిన పెదవుల మీద నీళ్లు కాసేపు నిలిచి, చెంప మీదుగా చెవి వెనక్కి జారిపోయాయి. ఇంకో చెంచా పోశాను. అవీ జారిపోయాయి.