గట్టుమడికి కట్టని పట్టీ

మా బాపు కాశయ్యకు చదువు రాదు. అయినా చందూర్ దారిలోని విత్తన చెరకు క్షేత్రంలో ఏ మడి చెరకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఆయన్నే అడగాలి. చెరకుకు గింజలు చల్లరు. ముదిరిన గడను ముక్కలుగా నరికి నాటుతారు. అందుకే ప్రతి మడికీ ఒక తల్లి మడి ఉంటుంది. ఇరవై రెండేళ్లు అక్కడ మేస్త్రీగా చేసిన బాపు, నన్ను కన్న అవ్వ దేవవ్వ పాత చీరలు చింపి, ప్రతి మడి మొదట్లో పాతిన కర్రకు పట్టీ కట్టేవాడు. ఎర్ర పట్టీ కడితే తెగులు తగిలిందని, విత్తనానికి కోయొద్దని. పసుపు పట్టీ ఉంటే కోయొచ్చు. ఒక మడి చెరకును ఇంకోచోట నాటినప్పుడు తల్లి పట్టీలోంచి పీలిక చింపి పిల్ల మడి కర్రకు కట్టి, ఒక ముడి ఎక్కువ వేసేవాడు. ముడులు చూస్తే ఎన్నో తరమో తెలిసేది.

"నా చీరలన్ని చెరుకుకు కడుతడు. నాకైతే ఒక్క రవికె ముక్క తేడు" అనేది అవ్వ.

"నీకు తెగులు లేదు గదనే, నీకెందుకు పట్టీ?" అనేవాడు.

నేను నిజామాబాద్‌లో డిగ్రీ చేసి అదే క్షేత్రం ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. మొదటిరోజు పొద్దున సైకిల్ తుడుస్తూ బాపు అన్నాడు: "ఆఫీసుల నన్ను బాపు అనకు బిడ్డా. కూలోని బిడ్డ అని చులకన చేస్తరు. మేస్త్రీ అను. నేను మేడం అంట."

ఆయనే అన్నాడు కదా అని చెప్పుకోవచ్చు. కానీ ఆ మాట విన్నప్పుడు నాకెంత హాయిగా అనిపించిందో నాకు తెలుసు. ఆయన సైకిల్ మీద వెళ్లేవాడు, నేను బస్సెక్కేదాన్ని. కూలీల్లో వెంకటవ్వ నోరు ఊరుకునేది కాదు. "ఆఫీసుల మేస్త్రీ, ఇంట్ల బాపు. మేడంకు బువ్వ ఏ మేస్త్రీ పెడుతడో" అనేది. నేను విననట్టు నడిచిపోయేదాన్ని.

మేనేజర్ ఆత్మారాం సార్ నిజామాబాద్ నుంచి వారానికి రెండు రోజులు వచ్చేవారు. ఆయన కోసం మడుల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. బ్రౌజర్ తెరిస్తే ఎడమ పక్కన చెట్టులా కనిపిస్తుంది. తల్లి మడి పేరు పక్కనున్న బాణం గుర్తు నొక్కితే దాని కింద పిల్ల మడులు, వాటి కింద మనవ మడులు తెరుచుకుంటాయి. ప్రతి పేరు పక్కన రంగు ట్యాగులు. ఏ ట్యాగు కనిపించాలో, ఏ రంగులో కనిపించాలో, ఏది ముందు రావాలో మన ఇష్టం. నేను బాపు పట్టీల రంగులే పెట్టాను. "ఎవరి ఆలోచనమ్మా ఇది?" అని సార్ మెచ్చుకుంటే, "నాదే సార్" అన్నాను.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు బాపును పిలిచి చూపించాను. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు.

"నువ్వు గూడ పట్టీలే కడ్తున్నవ్ గద బిడ్డా. మంచిగున్నది. ఎండకు ఎలిసిపోవు, మేకలు తినవు." తర్వాత అడిగాడు: "గిండ్ల గట్టుమడి ఏది?"

గట్టుమడి ఆయన కష్టం. తొమ్మిదేళ్ల కిందట ఎర్రకుళ్లు వచ్చి ఒక మడి మొత్తం ఎండిపోతే, మధ్యలో ఒక్క దుబ్బు పచ్చగా నిలిచింది. దాన్ని తెచ్చి గట్టు పక్కన నాటి, ఏటేటా పెంచి, పావెకరం చేశాడు. తెగులు మళ్లీ దాని జోలికి రాలేదు. ఎనిమిది ముడుల పట్టీ దానిది. కాగితం మాత్రం లేదు, బాపు మాటే.

"ఎక్కించిన బాపూ. ట్యాగే పెట్టలేదు. రేపు పెడుత" అన్నాను.

"తొందరేం లేదు తియ్యి. గది ఏడికి పోతది?"

ట్యాగు పెట్టాలంటే 'ఎంపిక చేసినవారు' అనే గడి నింపాలి. మిగతా మడులన్నిటికీ అక్కడ అధికారుల పేర్లున్నాయి. కాశయ్య అని రాస్తే ఎవరని సార్ అడుగుతారు. రేపు రేపంటూ నెలలు గడిపాను. ఈలోగా చెట్టు గజిబిజిగా ఉందని సార్ అంటే, 'ట్యాగు లేనివి దాచు' అన్నచోట టిక్కు పెట్టాను. చెట్టు శుభ్రమైంది. గట్టుమడి కనిపించకుండా పోయింది. అది నేను గమనించాను. గమనించే వదిలేశాను.

ఆ ఏడు కోతలయ్యాక చెట్టులో లేని నేలంతా ఖాళీ అనుకుని, మక్కజొన్న వేద్దామని సార్ ట్రాక్టర్ పంపారు. గట్టుమడి గడలన్నీ అప్పటికే ఫ్యాక్టరీకి పోయాయి, నరికిన మోళ్ల నుంచి కొత్త పిలకలు జానెడు లేచి ఉన్నాయి. తెలియనివాళ్లకు అవి వదిలేసిన పాత మోళ్లే.

బాపు పరుగెత్తుకొచ్చి ఆఫీసు గడప దగ్గర ఆగాడు. కాళ్లకు మట్టి. సార్ నా పక్కనే కూర్చున్నారు.

"మేడం, గట్టుమడి దున్నుతున్నరు. రెండు సాళ్లే పోయినయి. జర సార్‌కు చెప్పుండ్రి."

"ఏ మడమ్మా అది? చెట్టుల ఉన్నదా?" అని సార్ నన్ను అడిగారు.

టిక్కు తీసేస్తే చాలు. మౌస్ మీద నా చెయ్యి ఉంది. తీస్తే ట్యాగు ఎందుకు లేదంటారు, తర్వాత కాశయ్య ఎవరంటారు.

"లేదు సార్" అన్నాను.

బాపు నావైపు చూశాడు. "సరే మేడం" అని తిరిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంట్లో ఎప్పటిలాగే "చాయ్ తాగినవా బిడ్డా?" అన్నాడు. గట్టుమడి మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

పోయిన ఎండాకాలం బాపు చనిపోయాడు. సెలవు చీటీలో 'దగ్గరి బంధువు' అని రాశాను. అవ్వ ఆయన అంగీలు సర్దుతుంటే ఒక జేబులో పసుపు పీలిక దొరికింది.

"నా పచ్చచీర ముక్క గిది. ఎనిమిది ముడులున్నయి. ఏ మడిదో ఏమో" అంది అవ్వ.

మళ్లీ ఆఫీసుకు వెళ్లిన రోజు టిక్కు తీసేశాను. గట్టుమడి బయటికొచ్చింది. దానికి పసుపు ట్యాగు పెట్టాను. ఎంపిక చేసినవారు: కాశయ్య. పక్కన 'దున్నేశారు' అని రాశాను.

సార్ చూశారు. "ఎవరమ్మా ఈ కాశయ్య?"

"మన మేస్త్రీ సార్. మా బాపు."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ రోజు గడపల నిలబడి అడిగింది గిదే మడి కదా? నువ్వే కదా లేదన్నవు?"

"అవును సార్."

తెర వైపు చూసి అడిగారు: "ఎర్రకుళ్లు తట్టుకున్న చెరుకు. ఒక్క గడన్న మిగిలిందా?"

"లేదు సార్" అన్నాను. ఈసారి అది నిజం.