టేపుకు అవ్వ వేసిన ముడి

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పోగు తెగితే, అది ఎవరి సాంచా మీదిదైనా సరే, ముందు చూసినవాళ్లే ముడి వేయాలి. పవర్‌లూమ్‌ను మా షోలాపూర్ తెలుగులో సాంచా అంటాం. జోడ్‌భావి పేట్‌లో మా ఇంటి వెనక గదే కార్ఖానా కాబట్టి, నేను స్కూలు బ్యాగు తగిలించుకుని బయల్దేరుతూ కూడా ఆగి ముడేసి పోయిన రోజులున్నాయి. ఒకసారి పెళ్లి భోజనాల బంతిలో మా అమ్మ పక్కామె చీర కొంగుకు ఊడిపోయిన కుచ్చును పట్టుకుని ముడేసేసింది. ఆమె ఉలిక్కిపడి చూస్తే అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఊడిన కొస కనబడితే మా వాళ్ల చేతులు చెప్పిన మాట వినవు.

ఈ పనిలో ఇంటికి పెద్ద దిక్కు మా అవ్వ, అంటే మేం బాపు అని పిలిచే మా నాన్నకు తల్లి. వేళ్ల కొసల మధ్య రెండు కొసలు పెట్టి ఏదో గుసగుస చెప్పినట్టు కదిపేది, అంతే, ముడి పడిపోయేది. ఎలా వేసిందో చూద్దామని నేను ఎన్నిసార్లు వంగినా అప్పటికే అయిపోయేది. మెడలో నల్లదారానికి ఒక చిన్న కత్తెర వేలాడుతుండేది, మిగిలిన కొసను దానితో టక్కున కోసేది. బాపు ఏదైనా సాంచాను కాసేపు ఆపి ముడేయడం చూస్తే, "ఇంకా ఎంతసేపురా" అని నవ్వేది.

తరవాత ఆమె చూపు మందగించింది. ఆపరేషన్ చేయించినా మసక పోలేదు. ఒకరోజు నడుస్తున్న సాంచా బెల్టుకు ఆమె కొంగు అంటుకోబోయింది. బాపు చూసి లాగాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి, "అమ్మా, నువ్వు గడప దాటి లోపటికి రావద్దు. బస్, ఈడనే కూసో" అని ఆయన కట్టడి చేశాడు. ఆమె మారు మాట్లాడలేదు. దానికే నాకు భయమేసింది, మా అవ్వ మారు మాట్లాడని మనిషి కాదు మరి.

ఖండే నవమి నాడు, అంటే దసరా ముందటి ఆయుధ పూజ రోజు, మా దగ్గర సాంచాలన్నీ ఆగుతాయి. మోటార్లను తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూలు చుడతాం. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆ ఏడు తమ చేయి ఏ పనిముట్టుతో పని చేసిందో దాన్ని పీట మీద పెట్టాలి. బాపు పడుగులో పోగును అటూ ఇటూ మోసే నాడె పెడతాడు. అమ్మ బీడీ ఆకు కోసే కత్తెర, చాట పెడుతుంది. అవ్వను గడప దగ్గర కూర్చోబెట్టిన తర్వాత వచ్చిన నవమికి అమ్మ వెళ్లి, "అత్తమ్మా, నీ కతెర ఇయ్యరాదు" అని అడిగిందట. అవ్వ మెడలోంచి దారం తీసి, కత్తెరను పెట్టెలో వేసి మూత పెట్టింది.

"పని చెయ్యని చేతికి పూజేంది" అందట.

అమ్మ ఫోన్‌లో ఈ సంగతి చెబుతుంటే నేను పుణెలో మా ల్యాబు మెట్ల మీద కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. వచ్చే నవమికైనా ఆ కత్తెర పెట్టెలోంచి బయటికి రావాలని అక్కడే అనుకున్నాను. ఎలా అన్నది మాత్రం తోచలేదు.

ఇక నా పని సంగతి. నేను మోటార్లకు కాయిల్స్ చుడతాను. రాగితీగతో కాదు, సూపర్ కండక్టర్ టేపుతో. రాగితీగలో కరెంటు పోతుంటే తీగ వేడెక్కుతుంది, ఆ వేడి అంతా దారిలో వృథా అయిన కరెంటే. ఈ టేపును బాగా చల్లబరిస్తే కరెంటుకు అసలు అడ్డే ఉండదు. అందుకే పెద్ద పెద్ద మోటార్లను చిన్నగా, తేలిగ్గా చేయొచ్చని ఆశ. దీని పేరు హై టెంపరేచర్ సూపర్ కండక్టర్ అని చెప్పినప్పుడు బాపు, "మరి చల్లగ చెయ్యాలంటివి?" అని నిలదీశాడు. పాత రకాలకు ఇంకా ఘోరమైన చలి కావాలి, వాటితో పోలిస్తే ఇది వేడి, కానీ ఇది కూడా మంచు కన్నా ఎంతో చల్లని ద్రవ నైట్రోజన్‌లో మునిగితే గానీ మాట వినదు అని చెప్పాను. పేరు పెట్టినవాడికి షోలాపూర్ ఎండ చూపించాలి అన్నాడాయన.

బాపుకు మోటార్ల మీద ఎందుకంత ఆసక్తి అంటే, ఆయన వాటికి రోజూ జ్వరం చూస్తాడు. పొద్దున, మధ్యాహ్నం ఒక్కో మోటారు మీద చేతి వెనక వైపు ఆనించి, "దీనికి జరం వచ్చింది, జర ఆపుండ్రి" అంటాడు. మోటారు మాడితే రీవైండింగ్‌కు పంపాలి, అన్నాళ్లూ సాంచా మూగపోతుంది. అందుకని, జ్వరం రాని కాయిల్‌ను తన కూతురు చుడుతుందని అశోక్ చౌక్‌లో చాయ్ తాగేవాళ్లందరికీ చెప్పుకుని తిరిగాడు. వాళ్లు నమ్మలేదు. "ఈసారి నవమికి అది పట్కరా బిడ్డా, నేనన్న చూస్త" అన్నాడు.

మా సార్ అనుమతితో ఒక చిన్న మోటారు తయారుచేసుకున్నాను. థర్మోకోల్ డబ్బాలో రెండు టేపు కాయిల్స్, వాటి పైన అయస్కాంతాలు బిగించిన చిన్న చక్రం, పక్కన ఒక సర్క్యూట్ బోర్డు. రెండు కాయిల్స్‌ను విడివిడిగా జాగ్రత్తగా తెచ్చాను. వాటి కొసలను ఇంటికి వచ్చాకే అతకాలి.

నవమి పొద్దున కాయిల్స్‌ను వరండాలో చెక్క మీద పెట్టి, ఎవరూ ముట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. అవ్వ అప్పుడు స్నానం చేస్తోంది. బాపు, నేను స్కూటర్ మీద హోట్గి రోడ్ వైపు వెళ్లాం. అక్కడ బర్రెలకు కృత్రిమ గర్భధారణ చేసే ఒకాయన బాపుకు తెలుసు. దున్నపోతుల వీర్యం పాడవకుండా దాచడానికి వాళ్ల దగ్గర ద్రవ నైట్రోజన్ ఉంటుంది. పాపం మంచి మనిషి, చిన్న క్యాన్ నింపి ఇచ్చాడు. ఇంటికి తేగానే అమ్మ, "ఏంది ఇది, ఏడికెల్లి తెచ్చిండ్రు?" అని అడిగింది. బాపు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"దున్నపోతుల సామాన్ల నీళ్లా? పండుగ పూట దేవుని కాడికా?" అని అమ్మ చీపురు అడ్డం పెట్టింది.

ఇందులో దున్నపోతులు ఏమీ లేవు, మనం పీల్చే గాలిలోదే అని ఎంత చెప్పినా వినలేదు. చివరికి క్యాన్‌ను పీటకు దూరంగా, కార్ఖానా తలుపు అవతల పెట్టే ఒప్పందం మీద లోపలికి రానిచ్చింది. నవ్వుకుంటూ వరండాలోకి వెళ్లి చెక్క వైపు చూశాను. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

రెండు కాయిల్స్ కొసలు కలిసి ఉన్నాయి. మధ్యలో ముడి. గట్టిగా బిగించి, గోటితో నొక్కి చదును చేసిన ముడి.

ఈ టేపు చూడటానికి రాగి రిబ్బనులా ఉంటుంది గానీ, కరెంటును మోసేది లోపలి పల్చని పొర. అది అప్పడంలా పెళుసు. పెద్ద గుండ్రం మీద మెల్లగా చుడితే వంగుతుంది, మడిచామా, పగిలిపోతుంది. పగిలిన చోట కరెంటుకు దారి మూసుకుపోయి, అక్కడే వేడి పుట్టి టేపు మాడిపోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరు ముట్టిండ్రు దీన్ని?" అని అరిచాను.

"నేనే బిడ్డా" అంది అవ్వ. తడి జుట్టు ఆరబెట్టుకుంటూ గడప మీద కూర్చుని ఉంది. "గోడ పట్కొని వస్తుంటె చేతికి తాకింది. తెగిపోయి పడున్నది. మీరేమో బండేస్కొని పోతిరి. గట్టి పోగే, వంగనంటె వంగదు. అయినా ఇడిసిపెట్టలే. ఇగ ఊడదు."

ఆమె ముఖం చూశాను. ఎన్నాళ్లకు చూశాను ఆ ముఖం! మసక కళ్లతోనే, నేను మెచ్చుకుంటానని నా వైపు తిరిగి ఉంది. నా కోపం గొంతులోనే ఇంకిపోయింది. వెనక బాపు, "అమ్మా, నీకెన్నిసార్లు..." అని మొదలుపెట్టాడు. నేను ఆయన చేయి పట్టి గట్టిగా నొక్కాను. ఆయన ఆగాడు.

"మంచిగేసినవ్ అవ్వా" అన్నాను. అది అబద్ధమేం కాదు, ముడి నిజంగా మంచిదే.

కాయిల్స్ తీసుకుని వెనక గదిలోకి వెళ్లాను. ముడికి అటూ ఇటూ కాస్త వదిలి కోసేశాను. ఇక మిగిలిన కొసలు చాలుతాయా లేదా అన్నదే ప్రశ్న. చాలాయి. చాలినంత కాదు, ధారాళంగా ఉన్నాయి. నేను చుట్టిన ప్రతి కాయిల్‌కూ కొసలు అవసరానికి మించి పొడుగ్గానే వదులుతాను. ల్యాబులో మా సార్ ఈ విషయంలో నన్ను విసుక్కోని వారం లేదు. సాంచా మీద నిలువుగా పరిచిన పోగులు, అంటే పడుగు, అయిపోతున్నప్పుడు మా ఇంట్లో దాన్ని చివరిదాకా నేయరు. కాస్త కొస సాంచా మీదే ఉంచితే, కొత్త పడుగు పోగులను వేళ్లకు బూడిద రాసుకుని దానికే ఒక్కొక్కటిగా అతుకుతారు. చిన్నప్పుడు ఆ అతుకు పనిలో అవ్వ పక్కన కూర్చున్న నా చేతికి, కొస దగ్గర పొదుపు చేయడం ఎప్పటికీ రాలేదు.

రెండు కొసలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి సోల్డర్ చేశాను. కోసిన ముడిని పారేయబుద్ధి కాలేదు. పూజకు ముందు, బాపు నాడె పక్కన, పీట మీద పెట్టాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

హారతి అయ్యాక డబ్బాలో ద్రవం పోశాను. తెల్లటి పొగ నేల మీదికి పాకింది, లోపల బుసబుసమని మరిగింది. అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. మరుగు అణగగానే స్విచ్ వేశాను. చక్రం ఒకసారి వణికి, తిరగసాగింది. ఏ చప్పుడూ లేదు. పుట్టినప్పటి నుంచి మోటారు అంటే మోత అనుకున్న ఇంట్లో అందరం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. బాపు చేయి దానంతట అది ముందుకు పోయింది, జ్వరం చూడటానికి. "ముట్టొద్దు బాపూ, చేయి కాలినట్టయితది, అంత చల్లగుంటది" అని ఆపాను. ఏం చేయాలో తోచక, ఆ చేయిని పక్కనున్న సాంచా మోటారు మీద ఆనించాడు. సెలవు రోజు కదా, అదీ చల్లగానే ఉంది. అందరం నవ్వాం.

"ఇది నా సాంచాను నడుపుతదా?" అని అడిగాడు.

"నడపది బాపూ. దీన్ని చల్లగ ఉంచనీకే బోలెడు కరెంటు కావాలె. ఓడలకు, పెద్ద గాలిమరలకు అయితె పనికొస్తదని చూస్తున్నరు."

"నడపకుంటె నడపకపాయె. అశోక్ చౌక్‌ల మాత్రం సాంచాకే అని చెప్త" అన్నాడు.

సాంచాలన్నీ ఆగి ఉన్నాయి కాబట్టి, అప్పుడు అవ్వ గడప దాటి పీట దగ్గరికి వచ్చింది. ఆమెకు చక్రం తిరగడం కనబడదు, చప్పుడూ లేదు కాబట్టి వినబడదు. పనిముట్లను ఒక్కొక్కటీ తడిమి దండం పెట్టుకోసాగింది. నాడె తడిమింది. దాని పక్కకు వచ్చిన వేళ్లు ఆగాయి. ముడిని పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది నేనేసిందే కద" అంది. "కోసినవా?"

బాపు నేల వైపు చూశాడు. ఆమెకు అబద్ధం చెప్పడం మాత్రం నా వల్ల కాలేదు.

"కోసిన అవ్వా. ఆ పోగు మడిస్తే లోపట పగులుతది. ముడి పనికిరాదు దానికి."

ఆమె బొటనవేలితో ముడిని ఒత్తి చూసింది. ముడి ఇంకా వేళ్ల మధ్యే ఉంది.

"మరి ఎట్ల నడుస్తున్నదంటిరి?"

"కొసలు పొడుగ్గ ఇడిసిన. ఒకదాని మీద ఒకటి పండబెట్టి అతికిన."

"పొడుగ్గ ఇడువుమని మీ సారు చెప్పిండా?"

"సారు తిడ్తడు అవ్వా. చిన్నప్పుడు పడుగు అతుకంగ నువ్వే చెప్పినవ్, కొస కాడ పీనాసితనం చెయ్యొద్దని. అప్పటికెల్లి అట్లనే ఇడుస్త. ఈ ఏడు చుట్టినయన్నీ గట్లనే చుట్టిన."

అవ్వ ముడిని తీసిన చోటే మళ్లీ పెట్టింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. తరవాత అమ్మ ఉన్న వైపు తిరిగింది, గొంతులో పాత కరుకుదనం.

"ఏమే, పెట్టెల నా కతెర ఉంటది, పట్కరా. బొట్టు నేనే పెడ్త."