ఔనన్నాకే అచ్చు

మొన్న నా కొత్త కరపత్రం చివరి ప్రూఫు చూడటానికి ప్రెస్సుకు వెళితే, ఆరని సిరా వాసన గుప్పున తగిలింది. దానితోపాటే రత్నం సార్ గుర్తొచ్చారు. రెజిమెంటల్ బజార్‌లో ఒక ప్రెస్సుకు ఆయన సూపర్‌వైజరు. అక్కడ నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఆయన క్రైస్తవుడు, నేను ఏ దేవుణ్ణీ నమ్మనివాణ్ణి. అంత భక్తిపరుడైనా ప్రతి ఆదివారం చర్చికి ఆలస్యంగా వెళ్లేవారు. దాని మీద నేను చాలా జోకులు వేశాను.

కారణం ఒక ఆదివారం తెలిసింది. ఆ వారం పెళ్లిపత్రికలో నేను వదిలేసిన తప్పుకు ఆయన అందరి ముందూ కేకలేశారు. ఆదివారం పొద్దున అల్వాల్‌లో మా గుమ్మం ముందు ఇస్త్రీ చొక్కాతో, చంకలో బైబిలుతో నిలబడ్డారు.

"అందరి ముందట అరిచిన శంకర్. తప్పు నాది."

"సార్, ప్రార్థనకు లేటవుతుంది."

"ఏసు చెప్పింది గదే. ఎవరికన్న నీమీద కోపముంటే ముందు ఆడికి పో, ఆనితోని సమాధానపడు, తర్వాతే నా దగ్గరికి రా అని."

"వెళ్లకపోతే శిక్షిస్తాడా మీ దేవుడు?"

"శిక్ష గాదు. గట్లనే పోయి పాట పాడితే గొంతు లేస్తలేదు." ఆయన నవ్వి, టీ తాగి వెళ్లారు.

ఆ ఏడే మా నాన్న పోయారు. శవం పక్కన అన్న యాదగిరి పిండాలకు ఏర్పాట్లు చేస్తుంటే, "చచ్చినవాళ్లు అన్నం తింటారా?" అని బంధువులందరి ముందూ వాదనకు దిగాను. అన్న నా చెంప పగలగొట్టాడు. నేను పోలీసులకు ఫిర్యాదు రాశాను. అన్నది సర్కారు కొలువు, కేసైతే అది ఊడుతుంది. అది తెలిసే రాశాను. ఇచ్చేముందు రత్నం సార్‌కు చూపించాను.

ఆయన ఎర్ర పెన్నుతో రెండు అక్షరదోషాలు దిద్దారు. "రాత మంచిగుంది. గని మీ అన్న ఏమంటడో ఇందుల లేదు. ఆయన మాట సుత ఒక పేజీ రాయి. ఆయన చదివి ఔనంటే, నేనే నీతోని స్టేషన్‌కు వస్త."

"రెండో చెంప చూపమంటారా?"

"కొట్టించుకొమ్మంటలేను. తిరిగి కొట్టకు, పారిపోకు. ఎదురుంగ నిలబడు."

ప్రతిపక్షం వాదనను పూర్తిగా చెప్పి ఖండించడం నేను నేర్చిన విద్య. నాస్తిక సభల వేదికల మీద ఎన్నోసార్లు చేశాను, అన్న విషయంలో ఒక్కసారీ చేయలేదు. ఆ పేజీ రాయడానికి మూడు రోజులు పట్టింది. మంచం పట్టిన నాన్నకు నాలుగు నెలలు నీళ్లు పోసింది అన్న, ముద్దలు కలిపి తినిపించింది అన్న. నేను ఆదివారాలు వచ్చి పలకరించి పోయేవాణ్ణి. అన్నం గురించి నేను ఎవరిని నిలదీశానో రాస్తుంటేగాని తెలియలేదు.

ఆదివారం సార్ నాతో అన్న ఇంటికి వచ్చారు. అన్న గడపలో నిలబడే చదివాడు.

"ఎవరు రాసిండ్రు గిది?"

"నేనే అన్నా."

ఒక వరుస మీద వేలు పెట్టాడు. "నాలుగు గాదు, ఐదు నెలలు."

సార్ జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఇచ్చారు. దిద్దాను.

"ఇప్పుడు ఔను," అన్నాడు అన్న. తర్వాత తల దించుకుని, "చెయ్యి లేపుడు మాత్రం నాది తప్పు. లోపలికి రా" అన్నాడు. సార్ గడియారం చూసుకుని, "ఆఖరి పాటన్న అందుతది, పోత" అంటూ వెళ్లిపోయారు. ఆ ఫిర్యాదు స్టేషన్‌కు చేరనేలేదు.

ఆయన ఇప్పుడు లేరు. నేను మారలేదు. ఆయన దేవుణ్ణి నమ్మను, పిండాలనూ నమ్మను. మొన్నటి కరపత్రం మా వీధి జాతకాల పంతులు మీద రాసింది. ఆయన వాదనను ఒక పేజీలో రాసి ముందే పంపాను. రెండు చోట్ల కాదన్నారట. ప్రెస్సువాళ్లు అచ్చుకు సంతకం పెట్టమని ప్రూఫు చేతికిచ్చారు. సంతకం పెట్టకుండానే మడిచి జేబులో పెట్టుకుని, పంతులు ఇంటి దారి పట్టాను.