యాభై నాలుగు కూపన్ల పండుగ

ఆ రోజుల్లో లెక్కకు లొంగని సంగతి లోకంలో ఒకటి ఉంటుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఇంటర్ తప్పి, దోహాలో ఒక కట్టడాల కంపెనీ స్టోర్‌లో చేరి, ఏ గోడకు ఎన్ని బస్తాల సిమెంటు పడుతుందో, ఏ కప్పుకు ఎంత ఇనుము పోతుందో ఎవరూ నేర్పకుండానే నోటితో చెప్పడం పట్టుబడ్డాక నాకు కళ్ళు కొంచెం నెత్తికెక్కాయి. (నేను తప్పింది లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. ఈ వివరణ ఇచ్చీ ఇచ్చీ అలిసిపోయాను గానీ, ఇక్కడ కూడా ఇవ్వకపోతే నిద్ర పట్టదు.) ఆ ఊళ్ళోనే నజ్మా అనే పేటలో ఒకే గదిలో ఐదుగురం ఉండేవాళ్ళం. శుక్రవారం వస్తే తలస్నానం చేసి, ఐన్ ఖాలిద్‌లో ఉన్న మా అక్క ఇంటికి భోజనానికి పోయేవాణ్ణి. ఊళ్ళో వాళ్ళ దృష్టిలో మేమంతా దుబాయ్‌లోనే ఉన్నట్టు. ఖతర్ అని ఎన్నిసార్లు ఉత్తరం రాసినా, "దుబాయ్‌ల ఎండలు ఎట్లున్నయ్?" అనే జవాబొచ్చేది.

బావ ఇంజనీరు, డిగ్రీ చదివినవాడు. అయినా ఇంట్లో ఏ కొనుగోలు చెయ్యాలన్నా "మన లెక్కల బామ్మర్దిని అడుగుదాం" అనేవాడు. అందులో సగం వెక్కిరింపేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మొత్తం గౌరవమే అనుకున్నాను. వాళ్ళకు ముగ్గురు పిల్లలు. పెద్దోడికి పదిహేడు, పిల్లకు పదిహేను, చిన్నోడికి అప్పుడే పన్నెండు నిండాయి. అక్క ఆ దేశానికి వచ్చి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో పొద్దున ఐదింటికి పొయ్యి వెలిగించని రోజు, ఊరికి పోయిన రోజులు తప్ప లేదని ఆమే చెప్పేది. వారం పొడుగునా పిల్లల టిఫిన్ డబ్బాలు, సెలవు రోజున నాలాంటి బ్రహ్మచారుల సంతర్పణ. నేను పోయినప్పుడల్లా ఆమె వీపే ఎక్కువగా కనిపించేది.

ఒక రంజాన్ పండుగకు బావకు కలిసొచ్చి మూడు రోజులు సెలవు దొరికింది. దోహాకు దక్షిణాన, ఇసుక దిబ్బలు సముద్రంలోకి దిగే చోట ఒక రిసార్టు ఉంది, అక్కడికి పోదామన్నాడు. పిల్లలు ఎగిరారు. అక్క వంటింట్లోంచే అంది: "నాకు సముద్రం గిముద్రం వద్దు. మూడు దినాలు పొయ్యి మొఖం సూడకుంట ఉంటే సాలు."

రిసార్టు వాళ్ళ కాగితంలో రెండు దారులున్నాయి. ఒకటి, గది మాత్రం తీసుకుని తిండి మన ఇష్టానికి చూసుకోవడం. గదిలో చిన్న కరెంటు పొయ్యి కూడా ఉంటుంది. రెండోది, మూడు రోజుల భోజనాలకూ ముందే డబ్బు కట్టి కూపన్ల పుస్తకం తీసుకోవడం. పన్నెండు నిండినవాళ్ళకు పెద్దవాళ్ళ ధరే. తినకపోతే తిరిగి ఇవ్వరు. "నెల కింద వీనికి పుట్టినరోజు చెయ్యకపోయినా అయిపోతుండె" అని బావ చిన్నోడి వైపు చూసి నిట్టూర్చి, కాగితం నా చేతిలో పెట్టాడు. "చెప్పు బామ్మర్దీ, ఏది లాభం?"

నేను ఆ పనిని ఎంత శ్రద్ధగా చేశానో చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి. ఆ శుక్రవారం భోజనాల దగ్గర నేను తినడం మానేసి, ఎవరెంత తింటున్నారో గమనించాను. పెద్దోడు తొమ్మిది రొట్టెలు తిని, తర్వాత అన్నం అడిగాడు. పిల్ల రెండుసార్లు కోడికూర వడ్డించుకుంది. చిన్నోడు తిన్నది తిని, ఎముకలు కూడా వదల్లేదు. రాత్రి గదికి పోయి గళ్ళు గీసి రాశాను. ఇంత తిండి బయట కొంటే ఎంత, కూపన్‌కైతే ఎంత అని మూడు రకాలుగా కట్టి చూశాను. మూడు రకాలుగానూ కూపనే గెలిచింది. "పెద్దపిల్లలున్న ఇంటికి ఇంతకన్నా లాభం లేదు బావా. ఒక్కటే షరతు, ఎవరూ ఒక్క పూట కూడా తప్పకూడదు" అన్నాను. "లెక్క నీది కాబట్టి నువ్వు కూడా రా, కాపలాకుంటవ్" అన్నాడు బావ. ఆరుగురం, రోజుకు మూడు పూటలు, మూడు రోజులు. యాభై నాలుగు కూపన్లు. పుస్తకం నా జేబులో పెట్టుకున్నాను.

మొదటి రోజు నాస్తా హాలు తొమ్మిదింటికి మూసేస్తారు. ఆ పూట కూడా మాదే కాబట్టి పొద్దున ఐదున్నరకే కారు కదలాలని పట్టుబట్టాను. పిల్లల్ని లేపడానికీ, బట్టలు సర్దడానికీ అక్క నాలుగింటికే లేచింది. ముందు రాత్రే వచ్చి సోఫాలో పడుకున్న నేను, ఆమె గిన్నెలు కడుగుతుంటే గడియారం చూస్తూ "యల్లా, యల్లా, తొందరగా" అన్నాను. (ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే చెవులు మూసుకోవాలనిపిస్తుంది.) దారిలో రెండుసార్లు ఆగి, ఒకసారి దారి తప్పి, ఎనిమిదీ యాభైకి హాల్లో పడ్డాం. బల్లల నిండా రకరకాల రొట్టెలు, జున్ను, ఉడికించిన చిక్కుడు గింజలు, ఆలివ్ కాయలు. నా ప్రాణం లేచొచ్చింది. తొమ్మిది రొట్టెల పెద్దోడు అర గిన్నెడు పాలల్లో నాలుగు కార్న్‌ఫ్లేక్స్ వేసుకుని, దాని మీదే తల వాల్చి నిద్రపోయాడు. పిల్ల కప్పు కాఫీ తెచ్చుకుని కూర్చుంది.

"ఏం తినవా?"

"నో మామా, డైటింగ్."

"ఎప్పటి నుంచి?"

"మండే నుంచి."

నేను లెక్క కట్టింది అంతకు ముందు శుక్రవారం. అక్క చిక్కుడు గింజల గిన్నె మూత తీసి చూసి, మూత పెట్టి, ఎండు రొట్టె ముక్క తెచ్చుకుని, "ఇంట్ల మామిడికాయ తొక్కు తెచ్చుకున్నా అయిపోతుండె" అంది. ఆకలి లేదన్న ప్రతి మనిషికీ నేను ఒకే సమాధానం చెప్పాను: "ఆకలితో పనేంది, కూపన్ ఉంది కదా!"

చిన్న పిల్లలైతే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నోట్లో పెట్టొచ్చు. మీసాలు వస్తున్న వాణ్ణి ఎలా లాక్కొస్తాం? మధ్యాహ్నం హాలు తెరిచిన వేళకు ముగ్గురూ సముద్రంలో ఉన్నారు. ఒడ్డున నిలబడి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని "లంచ్! లంచ్!" అని అరిచాను. వాళ్ళు నాకు చేతులు ఊపారు. నా గొంతు పోయాక అక్క వచ్చి పిలిచింది, ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివర దాకా రెండుసార్లు. హాలు మూసేశాక నాలుగింటికి వాళ్ళు వణుక్కుంటూ వచ్చి "మమ్మీ, భూక్!" అన్నారు. బావ దుకాణంలో చిప్స్ కొనిచ్చాడు. దాంతో రాత్రి భోజనానికి ఒక్కొక్కరూ ఒక్కో ఐస్‌క్రీమ్ తిని లేచారు. బల్ల మీద నిండుగా ఉన్న మాంసం వైపు చూస్తే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళ వంతు కూడా నేనే తినడం మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున ఏడింటికి వెళ్ళి తలుపు కొట్టాను. పెద్దోడు దుప్పటి తియ్యలేదు. పిల్ల "గో అవే మామా" అంది. బావ వరండాలో పేపరు చదువుతున్నాడు. అక్క స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని కూర్చుంది.

"నడువు అక్కా, టైమవుతోంది."

"నేనెట్ల తింటరా? ఇయ్యాల శెనివారం."

జేబులో కూపన్ల పుస్తకం తడుముకున్నాను. అక్కా బావా పెళ్ళయినప్పటి నుంచి శనివారం ఒక్కపొద్దు ఉంటారు. చీకటి పడ్డాక ఒక్కపూట తింటారు, అదీ మాంసం తగలని గిన్నెలో వండిందే. ఆ సంగతి నాకు పుట్టు వెంట్రుకల నాటి నుంచీ తెలుసు, మా అమ్మా ఉండేది. రొట్టెలు లెక్కబెట్టినవాణ్ణి, వారాలు లెక్కబెట్టలేదు.

"పండుగ సెలవుల్ల కూడానా?"

"మీ కంపెనీకి సెలవు గానీ దేవునికి సెలవుంటదా?"

బావ పేపరు దించకుండానే అన్నాడు: "బామ్మర్దీ, ఆ ఇంటూ మైనస్‌ల నడుమ ఏడనన్న శెనివారం దూరిందా సూడు."

ఆ పూట నేనూ చిన్నోడూ పోయాం. మధ్యాహ్నం బావ పిల్లలందరినీ దిబ్బల మీదికి తీసుకుపోతే నేనొక్కణ్ణే పోయాను. రానివాళ్ళ పేరు పేరునా తిన్నాను. పెద్దోడి పేరున మూడు రొట్టెలు, పిల్ల పేరున కోడి తొడ, అక్క పేరున రెండు తియ్యటి ముక్కలు. సాయంత్రానికి కడుపు పట్టుకుని గదిలో సోఫా మీద ముడుచుకుపోయాను. ఆ తర్వాత బాత్రూముకు ఎన్నిసార్లు పోయానో ఆ లెక్క మాత్రం రాసుకోలేదు.

చీకటి పడే వేళకు అక్కా బావా ఒక్కపొద్దు విడవాలి. హాలు వంటలో ఏది ఏ గరిటెతో కలిపారో తెలియదు. వడ్డించేవాళ్ళలో నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక సాయిబు ఉన్నాడు. బావ పోయి సంగతి చెబితే, ఆయన స్వయంగా గది దాకా వచ్చి, కొత్త గిన్నె, బియ్యం, కందిపప్పు, నాలుగు టమాటాలు, ఒక పెరుగు డబ్బా గడప దగ్గర పెట్టాడు. "ఒక్కపొద్దంటే మాకు తెల్వదా అమ్మా, మా ఊర్ల మా పక్కిల్లు మీవాళ్ళదే. వండుకోండ్రి" అన్నాడు. అక్క కరెంటు పొయ్యి ముందు కూర్చుంది. పప్పు తాళింపు వాసన రాగానే పెద్దోడు పక్కగదిలోంచి వచ్చాడు. "మమ్మీ, దాల్? నాకూ." పిల్ల వచ్చింది. "ఎల్లిగడ్డ ఏశినవా?" డైటింగ్ అయిపోయింది. చిన్నోడు ప్లేటు తెచ్చుకున్నాడు. ఒక్క గిన్నె, ఒక్క పొయ్యి. అక్క మూడు విడతలు అన్నం వండింది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళ మీద ఉన్న మనిషి అందరికీ పెట్టి, చివర తాను తింది. పెద్దోడు ఎలా తిన్నాడంటే, ఆ తిండి హాల్లో చూడాలని నేను రెండు రోజులుగా తపస్సు చేశాను. నాకేమో ఆమె అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ పోసి, ఉప్పు వేసి తెచ్చింది.

నేను తాగుతుంటే ఎదురుగా కుర్చీలో కూలబడింది. "పొయ్యి మొఖం సూడొద్దనుకున్న" అంది, కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. "రెండు పొద్దులన్న గడవలే. నిన్న నాలుగింటికి లేపినవ్, పగటీలి సముద్రం పొంట తిప్పినవ్. ఇంట్ల ఉన్నా ఇంతకన్న కూసునేదాన్ని, తమ్మీ." చెయ్యి చాపి, "ఏదీ, నీ కాయితం తే" అంది.

తీసిచ్చాను. గళ్ళ మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. పెద్దోడి పక్కన తొమ్మిది రొట్టెలు, అన్నం. పిల్ల పక్కన కోడికూర రెండుసార్లు. చిన్నోడు, బావ, నేను. చివరి గడి దగ్గర వేలు ఆగింది.

"అక్క: తక్కువ తింటుంది" అని చదివింది. "నా గురించి గింతేనా రాసింది?"

మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. బయట కొనే తిండి ధర రాశాను, కూపన్ ధర రాశాను. ఇంట్లో వండే చేతుల ధర ఏ గడిలోనూ లేదు. ఆ కూపన్లు పనికొచ్చే మనిషి ఇంట్లో ఒక్కతే. ఆమెను పడుకోనిస్తే చాలు, కట్టిన డబ్బుకు ఫలితం దక్కినట్టే. నేను తినేవాళ్ళ వెంటపడి ఆ కాస్త నిద్రా ఆమెకు లేకుండా చేశాను. ముందే డబ్బు కట్టే భోజనాలు పెద్దపిల్లలున్న ఇంటికి పనికొస్తాయా అని ఇప్పుడెవరైనా అడిగితే, ఆ వయసు ఆకలికి వేళలుండవు, వద్దని చెబుతాను. ఒకవేళ కట్టేస్తే మాత్రం, కట్టిన సంగతి మర్చిపొమ్మంటాను. ఈ రెండో ముక్క మొదటిదానికన్నా కష్టం.

మూడో రోజు పొద్దున నేనే ముందు లేచి, ఆ గిన్నె తోమి బోర్లించాను. ఎవరి తలుపూ కొట్టలేదు. అక్క లేచాక పుస్తకంలోంచి ఒక కూపన్ చింపి చేతికిచ్చాను.

"పోరగాండ్లు?"

"పండనియ్యి."

"మీ బావ?"

"నేను చూసుకుంట. ఛాయ్ పెట్టడం నాకొచ్చు."

"మరి గిన్ని కూపన్లున్నయ్ కదరా, ఖరాబైతయ్."

"ఫులూస్ కట్టిననాడే పోయినయ్ అక్కా, ఆ పైసలు మళ్ళ రావు. నువ్వు పో."

ఆమె నమ్మనట్టు చూసి, కొంగు సర్దుకుని, ఒక్కతే నడిచిపోయింది. ఆ దేశంలో ఆమె వెంట ఎవరూ లేకుండా నడవడం నేనెప్పుడూ చూడలేదు. తొమ్మిది దాటినా రాకపోతే భయమేసి వెళ్ళి అద్దంలోంచి చూశాను. హాలు మూసే వేళ దాటిపోయినా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఉంది, చెప్పులు విడిచి, కాళ్ళు ఎదుటి కుర్చీ మీద పెట్టుకుని. నిజామాబాద్ సాయిబు వచ్చి కప్పులో మళ్ళీ టీ పోశాడు. ఆమె కప్పు పట్టుకుని సముద్రం చూస్తోంది, ఆ సముద్రం గిముద్రం వద్దన్న మనిషే. నేను లోపలికి పోకుండా వెనక్కి వచ్చేశాను.

పదింటికి వచ్చింది. "నాలుగు ఛాయ్‌లు తాగిన తమ్మీ" అంది గడపలోనే. "నాలుగూ ఆయనే తెచ్చిపోసిండు. నేను లెవ్వనే లేదు."

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో కూడా నా తల ఊరుకోలేదు. ఒక పూట కూపన్ ధరను నాలుగు ఛాయ్‌లతో భాగించింది. ఒక్కో ఛాయ్ చాలా పెద్ద ధరే పలికింది. ఆ అంకె నాలిక చివరి దాకా వచ్చింది. అక్క ముఖం చూసి మింగేశాను. ఇప్పుడు బావ అప్పటి వయసు దాటి, మోకాళ్ళ నొప్పులు పుట్టి, ఎన్నో లెక్కలు తప్పాక వెనక్కి తిరిగి చూస్తే, జేబు నిండా కూపన్లతో, కడుపు పట్టుకుని గడపలో నిలబడ్డ ఆ కుర్రాడు కనిపిస్తాడు. పాపం, వాడి మీద కోపం రాదు. కట్టిన లెక్కను వాడు ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం అదే మొదటిసారి.