నీడ లేని మధ్యాహ్నం

జూన్ మొదట్లో, కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఫోన్‌లో మాట్లాడుతూ బస్సు కోసం నిలబడ్డాను. నా తెలుగు విని, ఎండలో కర్ర నిటారుగా పట్టుకున్న ఒక ముసలాయన పిలిచారు. ఆయనకు చూపు లేదు.

"కర్రకి నీడుందేటి బాబూ?"

"లేదండీ."

"ఏటా ఈ రోజు పొద్దు నడినెత్తికొచ్చినప్పుడు కాసేపు మాయమైపోద్ది. మా తెలుగు బడి పిల్లలకి సూపించేవోణ్ణి. ఇప్పుడు బడే లేదు."

నీడను బట్టి భూమి చుట్టుకొలత లెక్కగట్టిన గ్రీకు పండితుడి గురించి చెప్పారు. "ముసలితనంలో ఆయనకీ సూపు పోయింది. పుస్తకం కనబడనప్పుడు కూడెందుకని, తిండి మానేసి పోయాడట."

ఆయన పక్కన అరుగు మీద టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఉంది.

"భోంచెయ్యండి మాస్టారూ."

"నీడొచ్చాక సెప్పు, తింటాను."

కర్ర మొదట్లో నీడ జాడైనా లేదు. "వచ్చింది మాస్టారూ" అని మూత తీసి డబ్బా ఆయన చేతికిచ్చాను.