మల్లేశన్న అడిగే రెండు ప్రశ్నలు

పైపులైన్ కోసం రోడ్డు తవ్వి, చుట్టూ ఒక్క డ్రమ్ము కూడా అడ్డం పెట్టకుండా వదిలేసిన కాంట్రాక్టరే మా మల్లేశన్నను చంపాడు.

ఈ వాక్యం గురించి కింద చెప్తాను.

కంపెనీ పని మీద వారం రోజులు బెంగళూరులో ఉండి, అన్న నిన్ననే దిగాడు. గండిపేట దగ్గర ఆఫీసులో పెట్టిన బండి తీసుకుని సాయంత్రం వానలో ఇంటికి బయలుదేరాడు. మొయినాబాద్ దాటాక, కనకమామిడి దారిలో నీళ్లు నిండిన గుంత. దవాఖానకు తీసుకెళ్లేసరికే లేడు.

ఫోన్ వచ్చినప్పుడు చేవెళ్ల బస్టాండ్ దగ్గర ఛాయ్ తాగుతున్నాను.

"మల్లేశన్న లేడురా" అన్నారు.

సరే అన్నాను.

ఛాయ్ మొత్తం తాగేశాను. ఎందుకు సరే అన్నానో ఇప్పటికీ తెలియదు.

ఈ మధ్యాహ్నం దహనం అయిపోయింది. ఏడుపు రాలేదు.

తెలియనివాళ్ల కోసం: అన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. ఊరి సమస్యల మీద మేం నలుగురం వేసే కరపత్రాలన్నీ గిట్‌లో పెట్టించింది ఆయనే. ఏ ఫైల్‌లో ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో గుర్తుపెట్టుకునే టూల్ అది.

"కోడ్ రాసేటోళ్ల టూల్ మనకెందుకన్నా?" అన్నాను.

"మాట మార్చేటోళ్లను పట్టుకోనీకి" అని నవ్వాడు.

పోయినేడాది చిల్కూరు దగ్గర బండ్లబాట మూసేశాడని ఒక ఫామ్‌హౌస్ ఓనర్ మీద కరపత్రం రాసి పంచేశాను. మూసింది ఆయన కాదు, పక్క ఓనర్. నేను పేరు రాసిన పెద్దమనిషి ఆ కాగితం పట్టుకుని మా దగ్గరికే వచ్చాడు. తిట్టలేదు.

"నేనేం చేసిన బిడ్డా?" అని అడిగాడు.



మల్లేశన్న ఒక్కటే అన్నాడు: "నీ కోపం కరెక్టే తమ్మీ. అడ్రస్సే తప్పు."

ఆ ఆదివారమే లాప్‌టాప్ తెరిచి, పైథాన్‌లో ముప్పై లైన్ల స్క్రిప్ట్ రాసి ఆ టూల్‌కు తగిలించాడు. అప్పటినుంచి కరపత్రం కింద చూసినవాళ్ల పేరు, చూసిన రోజు లేకపోతే టూల్ దాన్ని తీసుకోదు. స్క్రీన్ మీద అన్న మాటే వస్తుంది:

"జర ఆగు తమ్మీ. ఎవరు చూసిండ్రు? ఎప్పుడు?"

నాకు మండిపోయింది. "నన్ను మిషన్ ఆపుడేందన్నా?"

"మిషన్ గాదురా, నేనే. పొద్దంత ఆఫీసుల ఉంట, నీ పక్కకు కూసోలేను గద. అందుకే ఇందుల కూసున్న."

దాన్ని దాటేసే కమాండ్ కూడా చెప్పాడు. "రాసిపెట్టుకో. వాడితే ఎవ్వరికి తెల్వది. నీకైతే తెలుస్తది."

ఇందాక శ్మశానం నుంచి వచ్చి, పైన ఉన్న ఆ మొదటి వాక్యం టైప్ చేసి, అలవాటు కొద్దీ సేవ్ కొట్టాను.

ఆపింది.

"జర ఆగు తమ్మీ. ఎవరు చూసిండ్రు? ఎప్పుడు?"

 దాటేసే కమాండ్ సగం టైప్ చేశాను. చెరిపేశాను.

తర్వాత నింపాను.

చూసింది: నేను.
ఎప్పుడు: సోమవారం పొద్దున.

అవును. బండి పక్కకు తిప్పుకుని, కాంట్రాక్టర్‌ను ఒక బూతు తిట్టి వెళ్లిపోయాను. ఫోటో తీయలేదు. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఆ సాయంత్రమే అన్న బెంగళూరు నుంచి ఫోన్ చేస్తే దునియా మొత్తం మాట్లాడాను. గుంత మాట గుర్తే రాలేదు.

సేవ్ అయింది.

మొదటి వాక్యం తీసేయలేదు. దాని కింద నా పేరు ఉంది, అంతే.

అన్నా, ఇక నన్ను ఆపే డ్యూటీ దిగు. నిమ్మళంగ పండుకో.

మిగతా అందరికీ: రేపు సాయంత్రం ఐదు గంటలకు ఆ గుంత దగ్గరికి రండి. స్లోగన్లు వద్దు. దాన్ని చూసి నాలాగే పక్కనుంచి పోయినవాళ్లు, ఏ రోజు చూశారో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. అది పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోదాం.

మొదటి సంతకం నాది.